చెవి పెట్టి వినండర్రా!

మా రోజుల్లో కారు ట్యూనింగ్ అంటే బానెట్ ఎత్తి, ఇంజను మీదకి వంగి చేసే పని. చేతికి గ్రీజు, ముక్కుకి పెట్రోలు వాసన, చెవికి ఇంజను చప్పుడు. ఇప్పుడు మీరు డ్రైవరు సీట్లో కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, బానెట్ మూసే ఉంచి కానిచ్చేస్తున్నారు. పైగా దాన్నీ ట్యూనింగే అంటున్నారు!

మా తమ్ముడి కొడుకు ఇక్కడే, అమెరికాలోనే పుట్టాడు. తొలి తరం మజ్దా మియాటా కొన్నాడు, 1.6 లీటర్ల ఇంజనుది. ముచ్చటైన బండి, కాదనను. కొన్న నాలుగు రోజులకే ఇంజనుని నడిపే కంపెనీ కంప్యూటర్ పీకేసి, దాని బదులు మెగాస్క్విర్ట్ అన్న కంప్యూటర్ పెట్టాడు. వచ్చే గాలిని రేకు తలుపుతో కొలిచే పాత మీటరు తీసేసి, మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే సెన్సర్ ఒకటి, గాలి వేడి చూసే సెన్సర్ ఒకటి, పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఒకటి బిగించాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఎవరో తయారుచేసిన మ్యాప్, అదే పెట్రోలు, స్పార్కు లెక్కల గళ్ల పట్టిక, తెచ్చి అందులో ఎక్కించి, "స్టార్టయింది పెదనాన్నా!" అని గంతులేశాడు. స్టార్టయితే ట్యూనింగ్ అయిపోయినట్టేనా నాయనా?

బెజవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ అంబాసిడర్ ఎస్‌యూ కార్బొరేటర్ సెట్ చేస్తుంటే షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఇంజను బాగా వేడెక్కేదాకా ఆగేవాడు. తర్వాత కార్బొరేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో లోపలి పిస్టన్‌ని గోరు మందమంత పైకి లేపేవాడు. ఇంజను వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ వస్తున్నట్టు. ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్లీ కుదుటపడితే సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే జెట్ కింది ఆరు పలకల నట్టుని ఒక్క పలక తిప్పి, మళ్లీ వినేవాడు. మళ్లీ ఒక్క పలక. తొందరన్నది లేదు. బండివాడు బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు, వాడికీ తొందర లేదు. ఇప్పుడు పెట్రోలు బంకులో రెండు నిమిషాలు ఆగాల్సొస్తే ఫోన్లు తీస్తారు మీరు. సరే, అది వేరే గొడవ.

ఆ కార్బొరేటర్‌లో పిస్టన్ కింద ఒక సూది వేలాడుతుంది. కొసకు పోను పోను సన్నబడుతుంది. ఇంజను గాలి లాగేకొద్దీ సూది పైకి లేచి, జెట్‌లో సందు పెరిగి, పెట్రోలు ఎక్కువొస్తుంది. ఏ గాలికి ఎంత పెట్రోలన్న లెక్కంతా ఆ సూది వాలులోనే ఉంది. మీ తెర మీద పదహారు అడ్డం, పదహారు నిలువు, 256 గళ్లు నింపుతున్నారే, ఆ పని మాకు వేలెడంత ఇత్తడి సూది చేసిపెట్టేది. ఈ దేశం వచ్చాక నేను కొన్న ఎమ్‌జీబీలోనూ అదే ఎస్‌యూ, కాకపోతే రెండు. ఇంజనూ మన అంబాసిడర్‌ది ఏ వంశమో అదే బీఎమ్‌సీ బి-సిరీస్. అక్కడ 1489 సీసీ, ఇక్కడ 1798. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఒక్కో కార్బొరేటర్ మూతి దగ్గర పెట్టి, రెండింటి బుస ఒక్కటయ్యేదాకా సర్దేవాణ్ని.

మెగాస్క్విర్ట్ చేసిన బౌలింగ్, గ్రిప్పో అన్న ఇద్దరి మీద నాకు గౌరవమే. మొదట్లో అది విడిభాగాల కిట్టుగా వచ్చేది. కొన్నవాడే బోర్డు మీద ఒక్కొక్కటీ పెట్టి టంకం వెయ్యాలి. అలా వేసినవాడికి ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసేది. ఇప్పుడు తీగ కొయ్యక్కర్లేదు, పాత కనెక్టర్‌కే తగిలించెయ్యొచ్చు. కంప్యూటర్ పెట్టడంలో కూడా పాతకాలమే నయం, చూశారా!

కొత్తదానిలో మంచి లేదనను. చలికాలం పొద్దున్నే ఆ మియాటా ఒక్క తిప్పుకే అందుకుంటుంది. నా ఎమ్‌జీబీకి చోక్ లాగి బతిమాలాలి. వైడ్‌బ్యాండ్ మాట కూడా నిజమే. నేను బండి ఆపి, ప్లగ్గు విప్పి, బిస్కెట్ రంగుంటే సరే, మసి నల్లగా ఉంటే పెట్రోలెక్కువ, తెల్లబారితే తక్కువ అని చూసేదాన్ని, అది 6000 ఆర్‌పీఎమ్‌లో పరుగెడుతుండగానే అంకెల్లో చెప్పేస్తుంది. మంచిదే. అయితే ఆటోట్యూన్ నొక్కి చేతులు దులుపుకుంటారే, అదే నా ఒంటికి పడదు. మీరు రాసిచ్చిన గాలి-పెట్రోలు లెక్కకి చేర్చడమే దాని పని. నెమ్మదిగా పోయేటప్పటి 14.7ని పూర్తి యాక్సిలరేటర్ గళ్లలో కూడా రాసిపెడితే, 13 లోపు ఉండాల్సిన చోట బుద్ధిగా 14.7 పెట్టేస్తుంది. స్పార్కు టైమింగ్ జోలికైతే అసలు పోదు. పైగా ఆ పాత 1.6కి నాక్ సెన్సర్ లేదు. టైమింగ్ మరీ ముందుకి జరిపితే, ఎక్కుడులో ఇంజను టకటకా కొట్టుకునేది వినాల్సింది మీ చెవే. మీరేమో పాటలు పెట్టుకుంటారు! పిస్టన్ విరిగాక లాగ్ ఫైలు తెరిచి చూసుకుంటే ఏం లాభం?

మొన్న మావాడి తెర మీద టైమింగ్ 10 డిగ్రీలు అనుంది. నా పాత టైమింగ్ లైటు తెచ్చి క్రాంకు పుల్లీ మీద వేస్తే గుర్తు 14 దగ్గర ఉంది. అంటే మ్యాపులో ప్రతి గడిలోనూ నాలుగు డిగ్రీలు అబద్ధమే. సెన్సర్ ఏ కోణంలో ఉందని మీరు చెబితే కంప్యూటర్ అదే నమ్ముతుంది. పుల్లీని చూడ్డానికి దానికి కళ్లెక్కడివి? అందుకని ముందు టైమింగ్‌ని 10 దగ్గర కట్టేసి, లైటు వేసి, గుర్తు కలిసేదాకా ఆ కోణం సరిచెయ్యండి. వ్యాక్యూమ్ గొట్టాలకి చీలికలున్నాయేమో తడిమి చూడండి. ప్లగ్గులు విప్పి చూడండి. ఇంజను వేడెక్కనివ్వండి. లాప్‌టాప్ ఆ తర్వాతే తెరవాలి. రేడియో మాత్రం అప్పుడూ వద్దు.