గుంత పాతది, పేరు కొత్తది

మా ఎమ్మిగనూరు పక్క చెట్టు నాటడం తేలిక, దానికి పేరు పెట్టడమే కష్టం. అందుకే కాబోలు, పాలకులు ఆ కష్టాన్ని తమ నెత్తిన వేసుకుని తేలికపనిని ఉపాధి హామీ కూలీలకు వదిలేశారు.

1950లో మున్షీ గారు కేంద్ర మంత్రిగా ఉండగా వన మహోత్సవం మొదలైంది. 1992లో మన రాష్ట్రంలో అడవుల కాపలాకు వన సంరక్షణ సమితులు వచ్చాయి. పద్ధతి పేరు ఉమ్మడి అటవీ యాజమాన్యం. పదేళ్లు తిరిగేసరికి, 2002లో, ప్రపంచ బ్యాంకు అప్పుతో ‘ఉమ్మడి’ పోయి ‘సామాజిక’ వచ్చింది. బోర్డులు రాసే పెయింటరుకు నాలుగు రోజులు పని దొరికి ఉంటుంది, సంతోషం. ఆ తర్వాత నీరు-చెట్టు. 2016 జూలై 29న వనం-మనం, ఒక్క రోజులో కోటి మొక్కలు. అదే నెల 11న ఉత్తరప్రదేశ్ ఐదు కోట్లు నాటేశామనడంతో మన కోటి కాస్త చిన్నబోయింది. 2020 జూలై 22న జగనన్న పచ్చతోరణం, లక్ష్యం 20 కోట్లు. 2024లో ప్రభుత్వం మారింది, తోరణం వాడింది. మొక్క ఎవరి హయాంలోనైనా ఎండుతుంది. పేరు మాత్రం ఎదుటివాళ్ల హయాంలోనే ఎండుతుంది.

ఒక జూలైలో ఆదోని రోడ్డు పక్కన ఈ వేడుక దగ్గరుండి చూశాను. షామియానా, ఫ్లెక్సీ, రిబ్బను కట్టిన పార. వేరుకున్న నల్ల ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా మొక్కను గుంతలోకి దించారు. ‘సార్, చెయ్యి అడ్డమొచ్చింది, ఇంకోసారి’ అన్నాడు ఫోటోగ్రాఫరు. పైకి తీసి మళ్లీ దించారు. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన ఆగి, ‘ఏమప్పా, పోయినేడు గుంతే గదా ఇది?’ అన్నాడు. ఎవరూ పలకలేదు. ఆయన మేకలు మాత్రం కొత్త పథకం వైపు ఆశగా చూశాయి.

నీళ్ల సంగతి అడక్కండి. తుంగభద్ర దిగువ కాలువ చివరి పొలాలకే నీళ్లందవు, రోడ్డు పక్క కానుగ మొక్కకు ఎక్కడివి? బిందెతో పోసే మనిషి ఉన్నాడు, కానీ పంట చేతికి రాని ఏడు అతనూ పిల్లాజెల్లాతో లారీ ఎక్కి, మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు సుగ్గికి పోతాడు. మొక్క సుగ్గికి పోలేదు గదా, ఉన్నచోటే ఎండిపోతుంది. లెక్కల్లో మాత్రం అది పచ్చగా ఉంటుంది. రిజిస్టరుకు ఎండ తగలదు.

అడవి విషయంలో మా జిల్లా రికార్డు వేరే ఉంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలును చీల్చినప్పుడు నల్లమల నంద్యాల వాటాకు పోయింది. గొడ్డలి ఎత్తలేదు, అగ్గి పెట్టలేదు, తెల్లారేసరికి జిల్లాకు అడవి లేదు. మాకు మిగిలింది ఆదోని కోట చుట్టూ బండలు. కాగితం మీద అడవి పోగొట్టడం ఇంత సులువైనప్పుడు, కాగితం మీదే పెంచుకుంటామంటే తప్పుపట్టడానికి నేనెవణ్ని?

నిజానికి ఈ సీమలో గెలిచిన సర్కారు చెట్టు ఒకటుంది. 1877లో, ధాత కరువు రోజుల్లో, జమైకా నుంచి తెచ్చిన గింజలు కడప జిల్లా కమలాపురంలో వేశారు. దానికి లోగో లేదు, నినాదం లేదు, ప్రారంభించిన నాయకుడి ఫోటో లేదు. మేకలు కాయలు తిని, పెంటికల్లో గింజలు మోసి ఊరూరా పంచాయి. నీళ్లడగదు, ఎండకు జడవదు. సుగ్గికి పోయినోళ్లు తిరిగొచ్చేసరికి ఇంటి వెనకాల నిలబడి ఉంటుంది. పేరు కూడా జనమే పెట్టారు: సర్కారు కంప.

ఆదోని రోడ్డులో ఆ రోజు వేడుక ముగిశాక, కొత్త మొక్కల్లో మేకలు పడకుండా చుట్టూ ముళ్లకంచె వేశారు. కొట్టుకొచ్చింది ఆ కంపే.