మూత మీద బూట్లు

సిడ్నీలో కూతురింటికి వచ్చిన మేష్టారికి ఆ వీధిలో ఒక్క సంగతి మాత్రం అంతుపట్టలేదు. చెత్త లారీ వచ్చే రోజు ఇంటింటి ముందూ ఎర్రమూత డబ్బా, ప్రతి మూత మీదా ఓ జత బూట్లు!

"కాకటూల కోసం మామయ్యగారూ. అదుగో, చూడండి" అన్నాడు అల్లుడు.

పసుపుపచ్చ తురాయి ఉన్న తెల్ల చిలక ఒకటి ఎదురింటి డబ్బా మీద వాలింది. ఎడమ బూటు, ఆ వెనకే కుడి బూటు ముక్కుతో నెట్టి కింద పడేసింది. మూత కొసని ముక్కున కరుచుకుని ఎత్తి, పట్టు వదలకుండా డబ్బా అంచు మీదే బందు వైపు నాలుగడుగులు నడిచింది. మూత వెనక్కి పడిపోయింది. చెట్టు మీద మరో రెండు చిలకలు మెడలు వంచి అంతా చూస్తున్నాయి.

"ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయండీ. 2018కి ముందు ఈ విద్య 3 పేటల్లోనే కనిపించిందట. 2019 ఆఖరుకి 44 పేటలకు పాకింది. ఒక్కో పేట చిలకలది ఒక్కో పద్ధతి. 2021లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది కూడా. జనం మూత మీద ఇటుక పెడితే, ఇటుకని తోసెయ్యడం నేర్చాయి!"

"తాళం వెయ్యొచ్చుగా?"

"లారీ డబ్బాని ఎత్తి బోర్లించినప్పుడు మూత దానంతటదే తెరుచుకోవాలి కదండీ."

"మరి బూట్లనీ తోసేస్తోందిగా, ఎందుకు పెట్టడం?"

అల్లుడు బుర్ర గోక్కున్నాడు. "పక్కింటాయన పెట్టాడని..."

మేష్టారు అంతటితో వదిలే రకం కాదు. సాయంత్రం వాహ్యాళికి వెళ్ళి ఆరా తీశారు. పక్కింటాయన ఎదురింటావిడని చూసి పెట్టాడట. ఎదురింటావిడ వీధి చివరి ముసలాయన్ని చూసి పెట్టిందట. ముసలాయన్ని అడిగితే పకపకా నవ్వాడు.

"పిట్టల కోసమా! భలేవారే. బూట్లు బిగుతయ్యాయి, ఎవరికైనా పనికొస్తాయని మూత మీద పెట్టాను. ఎవరో పట్టుకుపోయారు కూడా."

"మరి ఇవాళ పొద్దున మీ డబ్బా మీద మళ్ళీ ఓ జత చూశానే?"

"ఓ, అవా... వీధి వీధంతా పెడుతోంది కదా, ఏదో ప్రయోజనం ఉండే ఉంటుందనుకున్నాను. పాతవి పోయాయిగా, అందుకని డబ్బా కోసం కొత్త జత కొన్నాను!"