యాభై యూనిట్ల బతుకు

నేను బొటాక్స్ సీసాను. బొటనవేలంత గాజు ఒళ్లు, మూతికి రబ్బరు బిరడా. వెలుతురుకెత్తి చూస్తే నా అడుగున సన్నటి తెల్లటి పొర కనిపిస్తుంది. అది నాకు తోడుగా వేసిన ఆల్బుమిన్, ఉప్పు. అసలు సరుకు కంటికి ఆనదు. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే రెండు మూడు భాగాలంత ఉంటుంది. అందుకే నన్ను బరువుతో తూచరు, యూనిట్లలో లెక్కిస్తారు. నా లేబుల్ మీద 50 అని రాసి ఉంది.

మా వంశానిది మట్టి పుట్టుక. క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి మట్టిలో బతుకుతుంది. సరిగా ఉడకకుండా, గాలి చొరకుండా నిల్వ చేసిన తిండిలో చేరితే అక్కడ పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. 1820 ప్రాంతంలో జర్మనీలోని వుర్టెంబర్గ్ సీమలో యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు, పాడైన సాసేజ్‌లు తిని ఒళ్లు చచ్చుబడి చనిపోయిన వాళ్ల వివరాలన్నీ ఓపికగా కూర్చాడు. ఆయన కవి కూడా. ఆ విషాన్ని తన మీదే పరీక్షించుకున్నాడు. బహుకొద్దిగా ఇస్తే అదుపు తప్పిన నరాలను శాంతపరచవచ్చని మొదట ఊహించిందీ ఆయనే. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్లో చావుకు వాయించడానికొచ్చిన మేళంవాళ్లు ఉప్పులో ఊరేసిన పంది మాంసం తిని పడిపోయారు. ముగ్గురు ప్రాణాలు విడిచారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలోంచే మా సూక్ష్మజీవిని వేరుచేసి లోకానికి చూపించాడు. నా పుట్టుక వెనక ఆ చావులున్నాయి. నన్ను ముఖానికి రాసుకునే క్రీములతో సమానంగా చూసేవాళ్లుంటే నాకు భయమేసేది అందుకే.

కెర్నర్ ఊహను నిజం చేసినవాడు శాన్ ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు అలన్ స్కాట్. మెల్లకన్నును కత్తి పెట్టకుండా సరిచేయాలని 1970లలో ముందు కోతుల మీద, తర్వాత మనుషుల మీద ప్రయత్నించాడు. 1989లో అమెరికా ప్రభుత్వం మెల్లకన్నుకు, రెప్పలు వాటంతట అవే బిగుసుకుపోయే జబ్బుకు మమ్మల్ని వాడుకోవడానికి అనుమతిచ్చింది. వాంకూవర్‌లో జీన్ కారుథర్స్ అనే కంటి డాక్టరు రెప్పల బిగుతుకు మా ఇంజెక్షన్ ఇస్తుంటే కనుబొమల మధ్య గీతలు కూడా పోతున్నాయని తేలింది. ఆమె భర్త అలస్టేర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి ఆ దారి పట్టుకుని 1992లో ప్రకటించారు. కనుబొమల నడుమ గీతలకు అనుమతి 2002లో వచ్చింది. ముఖం ముడతల కంటే ముందు మేము కళ్లకు చేసిన సేవ పెద్దది. ఆ మాట మీరు గుర్తుంచుకోవాలని నా కోరిక.

నేను పుట్టింది ఐర్లాండ్ పశ్చిమ తీరాన వెస్ట్‌పోర్ట్ అనే చిన్న పట్నంలో. అక్కడి నుంచి గుంటూరు కొత్తపేటలోని క్లినిక్ దాకా నా ప్రయాణమంతా చలిపెట్టెలోనే జరిగింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటేనే నేను నేనుగా ఉంటాను. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, బయట తారు కరుగుతుంటే, జెల్ ప్యాకుల మధ్య వణుకుతూ వచ్చి ఫ్రిజ్‌లో చేరాను.

ఈ క్లినిక్‌లో ఒక గది కంటి డాక్టరుగారిది, పక్కది చర్మ డాక్టరమ్మది. నడుమనున్న ఫ్రిజ్ ఇద్దరిదీ. అందులో కూర్చుని నేను విన్న మాటలే నా చదువు.

మిర్చి యార్డులో టిక్కీలు మోసే ఒకాయన వచ్చాడు. భుజాన బరువుతో లారీ బల్ల ఎక్కుతుంటే రెప్పలు టక్కున మూసుకుపోయేవట. ఎంత తెరుద్దామన్నా తెరుచుకునేవి కావు. నా తోడబుట్టిన సీసా ఒకటి ఆయన దగ్గరికి వెళ్లింది. రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చి, “బల్ల అంచు కనబడుతోంది సార్, పనికి పోతున్నా,” అన్నాడు. ఆ రోజు ఫ్రిజ్‌లో మేమందరం గర్వపడ్డాం.

తెనాలి నుంచి పద్యనాటకాలు వేసే నటి ఒకావిడ వచ్చింది. నుదుటి మీద ముడతలు పూర్తిగా పోవాలంది. డాక్టరమ్మ అద్దం ఆమె చేతికిచ్చి, “ఒకసారి సత్యభామ అలక చూపించండి,” అని అడిగింది. ఆవిడ చూపించింది. “ఆ కనుబొమ లేవకపోతే ఆ అలక వెనక బెంచీ దాకా ఎట్లా చేరుతుందండీ?” అంది డాక్టరమ్మ. ఆవిడ ఆలోచించుకుని, ఎండ తగలకుండా రాసుకునే సన్‌స్క్రీన్ మాత్రం రాయించుకుని వెళ్లిపోయింది. మమ్మల్ని వద్దన్నందుకు నాకు ఆ డాక్టరమ్మ మీద గౌరవం పెరిగింది.

నా వంతు అమరావతి నుంచి వచ్చిన ఒక పెద్దావిడది. ఏళ్ల తరబడి కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరిన మనిషి. ఎండకు కళ్లు చికిలించీ చికిలించీ, ధర పడినప్పుడల్లా నుదురు చిట్లించీ, కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు లోతుగా దిగాయి. యార్డుకు వేసవి సెలవులిచ్చాక తీరిక చేసుకుని వచ్చింది.

“డల్లాస్‌లో మా మనవడు ఫోన్‌లో చూసినప్పుడల్లా ‘అమ్మమ్మా, కోపమొచ్చిందా?’ అంటున్నాడమ్మా. నాకేం కోపం లేదు. మొహమే అట్టా అయిపోయింది. కానీ రాతి బొమ్మను మాత్రం చెయ్యబాకమ్మా.”

“మీ ఊరి శిల్పుల చేతిలో రాయి కూడా కదిలినట్టే ఉంటుంది కదమ్మా. భయపడకండి, మీ నవ్వు జోలికి పోను,” అంది డాక్టరమ్మ.

తర్వాత అడగాల్సినవన్నీ అడిగింది. కండరాలు నీరసించే మయస్థీనియా లాంటి జబ్బులున్నాయా, ఏ మందులు వాడుతున్నారు, ఇంతకుముందు ఇలాంటి ఇంజెక్షన్ తీసుకున్నారా అని. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు నన్ను ఇవ్వరు. ఆ మాట పెద్దావిడ వెంట వచ్చిన కోడలికి కూడా చెప్పింది.

నాలోకి సెలైన్ ఎక్కించి, నురుగు రాకుండా మెల్లగా తిప్పింది. కనుబొమల మధ్య ఐదు చోట్ల, చోటుకు 4 యూనిట్ల చొప్పున 20. కంటి కొసల్లో రెండు పక్కలా కలిపి 24. సన్నటి సూది, చీమ కుట్టినంత నొప్పి. నాలో మిగిలిన కొద్దిపాటి మందును వేరెవరికీ వాడకుండా పారేసింది. నేను ఒక్క మనిషి కోసం పుట్టిన సీసాను.

లోపల నేను చేసే పని ఇది. కండరం ముడుచుకోవాలంటే నరం చివర నుంచి ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం బయటికి రావాలి. దాన్ని బయటికి పంపే యంత్రాంగంలో స్నాప్-25 అనే ప్రొటీన్ ఉంటుంది. నేను నరంలోకి దూరి దాన్ని తెంపుతాను. కబురు ఆగిపోతుంది, కండరం సడలుతుంది, దాని మీది చర్మం మడత విప్పిన చీరలా సాఫవుతుంది. రెండు మూడు రోజుల్లో మార్పు మొదలై, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. మూడు నాలుగు నెలలకు నరం తన పని తాను మళ్లీ అందుకుంటుంది. గీత తిరిగి వస్తుంది. నేను ఇచ్చేది శాశ్వతం కాదు. అది లోపమని నేననుకోను. నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంటుంది.

ఆవిడ బుగ్గల మీద మరికొన్ని సన్న గీతలున్నాయి. వాటినీ తీసేయమని కోడలు అడిగింది. అవి నా పని కాదు. ముఖం కదపకపోయినా కనిపించే గీతల్లో చాలా భాగం ఎండ గీసినవి. అతినీలలోహిత కిరణాలు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను విరగ్గొడతాయి. పత్తి చేలో, మిరప తోటలో పొద్దంతా వంగి పనిచేసే ప్రతి ఆడమనిషి ముఖం మీదా ఆ లెక్క ఉంటుంది. దానికి తలపాగా, నీడ, సన్‌స్క్రీన్ ముందుగా కావాలి. ఈ నేల మీద నన్ను కొనగలిగినవాళ్లు కొద్దిమందే. నీడ మాత్రం ప్రతి కూలీకి దక్కాల్సిన వైద్యమని నేను గట్టిగా నమ్ముతాను.

నా వల్ల చెడు జరగదని చెప్పను. చోటు తప్పితే, మోతాదు మించితే కనురెప్ప వాలిపోవచ్చు. కొన్ని వారాలు అలాగే ఉంటుంది. తలనొప్పి రావచ్చు. ఎప్పుడైనా మింగుడు పడకపోయినా, మాట తడబడినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. 2024లో అమెరికాలో నకిలీ సీసాల ఇంజెక్షన్లు తీసుకుని కొందరు ఆసుపత్రుల పాలయ్యారు. మన దగ్గర కూడా పెళ్లిళ్ల సీజన్‌లో తక్కువ ధరకు చేస్తామనే మాట ఎక్కడైనా వినిపించవచ్చు. పెళ్లికూతురి తల్లికి ఆ నాలుగు డబ్బులు మిగలడం కన్నా తన రెప్ప నిలబడటం ముఖ్యం.

ఇప్పుడు నేను ఖాళీ సీసాను. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం నన్ను నీలం పెట్టెలో వేశారు; సూది తెల్ల డబ్బాలోకి వెళ్లింది. ఆవిడ ముఖం ఎట్లా మారిందో నేను చూడను. డాక్టరమ్మ చేతి మీద మాత్రం నాకు నమ్మకముంది.

నా తర్వాత వచ్చే సీసాల తరఫున మీకు చెప్పాల్సింది ఉంది. ముడతను తగ్గించుకోవాలనుకునేవాళ్లను ఎవరూ చులకన చేయకూడదు. ఉంచుకునేవాళ్లను ఎవరూ తొందరపెట్టకూడదు. తగ్గించుకోవాలనుకుంటే సూది వేయించుకునే ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇంజెక్షన్ ఇచ్చేది చదువుకున్న వైద్యులేనా? సీసా నా కళ్లెదుటే తెరుస్తారా? దాని మీద లాట్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా, ఇన్నాళ్లూ చలిలోనే ఉందా? నాకు ఎన్ని యూనిట్లు, ఎక్కడెక్కడ ఇస్తున్నారు? తడుముకోకుండా జవాబు చెప్పిన చోటే మీ ముఖాన్ని అప్పగించండి.