బార్లీ గింజా, ఎడమ బూటూ

నాలుగు వారాలుగా మా ఇంట్లో ఎడమ బూటు గురించి తప్ప వేరే మాట లేదు. కుడి బూటు బుద్ధిమంతురాలు. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎడమది మాత్రం పెళ్లిలో అలిగిన మేనమామలా వీధరుగు మీద కూర్చుని, వచ్చిపోయేవాళ్లందరిచేతా బతిమాలించుకుంటోంది.

మా అమ్మాయి స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఆదివారం తెల్లవారకుండా భోగాపురంలో బస్సెక్కడం, తగరపువలస, ఆనందపురం, మధురవాడ దాటడం, విశాఖలో దిగి ఆటో పట్టడం. పార్కు పేరు ఎప్పుడో మారిపోయినా ‘వుడా పార్కు’ అంటేనే ఆటో కదులుతుంది. అక్కడి రింకులో ఆవిడగారు రెండు గంటలు తిరిగితే, గట్టు మీద కూర్చుని మంచినీళ్ల సీసా కాపలా కాయడం నా వంతు.

మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగుకి చక్రాల మీద ఒక చెల్లెలుంది. దాన్ని ఆర్టిస్టిక్ అంటారు. ఒంటికాలి మీద జారడం, బొంగరంలా తిరగడం, గాల్లోకెగిరి ఒక చుట్టు చుట్టి దిగడం అన్నీ అక్కడివే. మంచుకి బదులు నున్నటి గచ్చు, బ్లేడుకి బదులు నాలుగు చక్రాలు. మాకు మంచుగడ్డ అంటే ముక్కాం ఒడ్డున చేపల పెట్టెల్లో వేసేదే కాబట్టి చెల్లెలితోనే సరిపెట్టుకున్నాం.

బూట్ల బాధ మాత్రం అక్కకీ చెల్లెలికీ ఒక్కటే. చీలమండ దాటి పైకొచ్చే బిరుసు తోలు, అడుగున ఎత్తు మడమ, సగం దాకా లేసు బెజ్జాలు, ఆ పైన కొక్కేలు. లోపల కాలు కాస్త కదిలిందా, కాలు చెప్పిన మాట చక్రానికి ఆలస్యంగా అందుతుంది. ఆ ఆలస్యంలోనే పిల్ల కింద పడుతుంది. కోచ్ గారు నాకు సూత్రాలన్నీ ఒప్పజెప్పారు. నిలబడితే వేళ్లు ముందు తోలుకి తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ లేవకూడదు. మందపు మేజోళ్లు వేసి ఖాళీ నింపుతామంటే కుదరదు. చివరిది వినేసరికి నాకు కళ్లు తిరిగాయి: బయట తొడిగే బూట్ల కంటే ఒక సైజు తక్కువే పట్టొచ్చు.

తక్కువా! ఎదిగే పిల్లకి తక్కువ సైజా!

తెలుగుదేశంలో పుట్టిన ఏ తండ్రయినా పిల్లల బట్టలు, బూట్లు కొనేది ఇవాళ్టి పిల్లకి కాదు, ఎల్లుండి సంక్రాంతి నాటి పిల్లకి. రెండు సైజులు పెద్దది కొనాలి, ‘ఎదిగాక సరిపోతుంది’ అనాలి. ఈ సిద్ధాంతం ఇళ్లు దాటి ఊళ్లకి కూడా పాకింది. మా ఊరినే చూడండి. 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరుపుకున్న అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం మాది. రన్‌వే ఒక్కటే 3,800 మీటర్లు. ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచినా అంత ఉండదు. కొన్నవాళ్లు మా నాన్నలాంటివాళ్లే అయ్యుండాలి. ఎదిగాక సరిపోతుంది!

అలాంటి ఊళ్లో కూర్చుని నేను ఒక సైజు తక్కువ బూట్లకి డబ్బు కట్టాను. వాటి ధర మా అమ్మకి సగమే చెప్పాను. ఆ సగం విన్నాక ఆవిడ మనవరాలి కాళ్లకేసి జాలిగా చూసి, “ఏట్రా, గుంట కాళ్లకి సంకెళ్లు కొనితెచ్చావా?” అంది.

కొనడానికి ముందు కొలత ఒకటి ఏడిసింది. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, పిల్లని దాని మీద బరువంతా ఆనించి నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీశాను. సాయంత్రం పూట కొలవమన్నారు, అప్పటికి పాదం కాస్త పొంగుతుందిట. పొడవు మిల్లీమీటర్లలో వచ్చింది. తీరా చూస్తే అమ్మేవాడి పట్టికలో ఒక వరస ఇంగ్లండు సైజులు, ఒక వరస యూరపువి, ఒక వరస అమెరికావి. ఏ వరసకీ పక్క వరసతో మాటల్లేవు. వాటి గోత్రాలేమిటో కనుక్కుందామని కూర్చున్నానండీ, రాత్రి రెండయింది.

ఇంగ్లండు సైజుకి మూలం బార్లీ గింజ. వెటకారం కాదు. మూడు బార్లీ గింజలు వరసగా పేరిస్తే అంగుళం. ఒక సైజుకీ పై సైజుకీ తేడా ఒక గింజ. అంగుళానికి మూడు గింజలన్న లెక్కని 1324లో రెండో ఎడ్వర్డు రాజుగారి కాలంలో ఖాయం చేశారని చెబుతారు. ఏడు వందల ఏళ్ల నాడు ఏ చలిదేశపు పొలంలోనో పండిన గింజ ఇవాళ భోగాపురంలో మా పిల్ల పాదాన్ని నొక్కుతోందన్నమాట. అంతటితో అయిందా? పిల్లల సైజులు పదమూడు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి పెద్దల లెక్కలో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. పదమూడు తర్వాత ఒకటి! మా ఎక్కాల మేష్టారి దగ్గర ఆ లెక్క చెప్పుంటే వీపు విమానం మోతే, రన్‌వే అక్కర్లేకుండా.

యూరపువాళ్లు గింజని వదిలేసి సెంటీమీటరులో మూడింట రెండు వంతులు పట్టుకున్నారు. దానికి పారిస్ పాయింటని పేరు. గింజల్ని మూడింట రెండు వంతులతో భాగిస్తే ఏమొస్తుందో ఆ పట్టికవాడికే తెలియాలి.

మంచం మీద పడుకున్నా గింజ వదల్లేదు. అసలు ఆ రాజుగారు ఇంగ్లండులో కాక మన వైపు పుట్టుంటే? బార్లీ దొరకదు కాబట్టి చోడి గింజ పట్టేవాడు. చోడి గింజతో కొలిస్తే తేడా మిల్లీమీటరు, అటూ ఇటూగా. ప్రపంచంలో ప్రతి కాలికీ సరిగ్గా సరిపడే బూటు దొరికేది. షాపువాడికి మాత్రం రెండు వందల సైజులు పెట్టడానికి కోటంత గోదాము కావాలి. పోనీ, మా తీరంలో జీడితోటలు బోలెడు కాబట్టి జీడిపిక్కతో కొలిస్తే? పిక్క ఇంచుమించు అంగుళం. “అమ్మాయి కాలు తొమ్మిది పిక్కలండీ” అనొచ్చు. వినడానికి బాగుంది గానీ తొమ్మిదికీ పదికీ మధ్య కాలున్నవాళ్లంతా చెప్పుల్లేకుండా తిరగాలి. పైగా కొలిచిన పిక్కల్ని కొలిచినవాడు కాల్చుకు తినేస్తే రుజువేదీ? ఆ మాటకొస్తే మన పురాణాల్లోనే మంచి ఏర్పాటు ఉంది. భరతుడు అన్నగారి పాదుకలు తెచ్చి సింహాసనం మీద పెట్టాడు. కాళ్లకి తొడగలేదు. పద్నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా రాజ్యం నడిచింది. పాదరక్షల్ని ప్రశాంతంగా వాడిన ఆఖరి మనిషి ఆయనే అనుకుంటూ నిద్రపోయాను.

తెల్లారి తెలిసిందేమిటంటే, ఈ బాధ పడుతున్నది నేనొక్కణ్ణే కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థవాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలు కొలిచారు. తేలిందేమిటయ్యా అంటే, మన పాదాలు యూరపు, అమెరికా పాదాల కంటే వెడల్పు. అందుకని ‘భ’ అనే పేరుతో మనకంటూ ఒక సైజుల పద్ధతి రాశారు. భ అంటే భారతదేశం. భోగాపురం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఈ వార్త మా అమ్మకి చదివి వినిపించాను. “దానికి లచ్చమందిని కొలవాలేటి? ఊడుపుల్లో బురదలో దిగిన కాళ్లు ఎడల్పుగా కాక ఎలగుంటాయి?” అంది.

బూట్లొచ్చాయి. పొడవు సరిపోయింది. మడమ కదల్లేదు. కానీ ఎడమ పాదం ముందు భాగం కుడి పాదం కంటే నాలుగు మిల్లీమీటర్లు వెడల్పని క్యాలెండరు కాగితం ముందే చెప్పింది, నేనే వినలేదు. బూట్లు అమ్మేవాడు జతగా అమ్ముతాడు. దేవుడు మాత్రం ఎవరికీ పాదాలు జతగా ఇచ్చినట్టు లేదు.

పెట్టెలో ఒక చీటీ ఉంది. బూట్లని 80 డిగ్రీల ఓవెన్‌లో కొద్ది నిమిషాలుంచి, వేడిగా ఉండగానే తొడిగి, చల్లారేదాకా కూర్చుంటే తోలు కాలి ఆకారానికి వస్తుందిట. మా ఇంట్లో ఓవెన్ లేదు. “ఏమండీ, ఇడ్లీ పాత్రలో పెడితే?” అంది మా ఆవిడ. ఆవిరి తగిలితే బూటు ఉబ్బుతుందో ఇడ్లీయే వాసనేస్తుందో తేలక ఆ ప్రయత్నం మానుకుని తగరపువలసలో ఒక బేకరీకి వెళ్లాను. ఆయన బూటుని అటూ ఇటూ తిప్పి, నన్ను ఎగాదిగా చూసి, “గుడ్డు పఫ్ పెట్టే పొయ్యిలో బూటు పెట్టానని తెలిస్తే రేపు నా కొట్టుకి ఎవరొస్తారు బాబూ?” అన్నాడు. నాకూ ఆయన మాటే న్యాయంగా తోచింది. ఆఖరికి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు అరువు తెచ్చి ఊదాం. పిల్ల వేడి బూట్లు తొడుక్కుని ఫ్యాను కింద పావుగంట అమ్మవారిలా కదలకుండా కూర్చుంది. కుడి బూటు ఇంకా బుద్ధిగా తయారైంది. ఎడమది చలించలేదు.

ఇక మిగిలింది రోడ్డు పక్క గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే తాత. ఆయన పట్టిక అడగలేదు. బూటులోకి చెయ్యి పెట్టి తడిమాడు. పిల్ల పాదం తన మోకాలి మీద పెట్టుకుని బొటనవేలి కింద ఎముక దగ్గర వేలితో నొక్కి, “ఇక్కడేనా అమ్మా?” అన్నాడు. నాలుగు వారాలుగా నేను వెతుకుతున్న చోటు ఆయనకి నాలుగు క్షణాల్లో దొరికింది. “బూటు సెడ్డది కాదు, కాలూ సెడ్డది కాదు బాబూ. రెండిటికీ ఇంకా పరిచయం అవలేదు” అన్నాడు. ఆ చోట తోలుని తడిగుడ్డతో నానబెట్టి, లోపల గుండ్రటి చెక్క ఒకటి దిగేసి, రేపు రమ్మన్నాడు.

లేవబోతుంటే నా కాలు చూశాడు. “నీ సిటికినేలు అలా మడతడిపోయిందేటి?”

చిన్నప్పటి నా బూట్లు ఆరో తరగతిలో విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్నవి. రెండు సైజులు పెద్దవి. మొదటి రెండేళ్లూ ముందు భాగంలో దూది కుక్కుకుని నడిచాను. సరిగ్గా సరిపోయింది ఒక్క వర్షాకాలం. ఆ తర్వాత పదో తరగతి దాకా వేళ్లు ముడుచుకుని నడిచాను. ఇరుకయ్యాయని ఇంట్లో చెప్పలేదు. చెబితే మళ్లీ కొనాలి. నాన్న టైరు చెప్పులు వేసుకునేవాడు. వాటికి సైజేమిటి, కాలి కింద పెట్టి చుట్టూ కోయడమే. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇంగ్లండు లెక్కలోనూ పారిస్ లెక్కలోనూ నా కూతురి పాదం నాకు కంఠతా వచ్చు గానీ ఆయన కాలి సైజెంతో తెలియదు. ఆయనకీ తెలిసుండదు.

ఆ రాత్రి క్యాలెండరు కాగితం మళ్లీ కింద పరిచాను. మనవరాలి గీత పక్కన ఖాళీ ఉంది. అమ్మని నిలబడమన్నాను. “నా కాలు కొలిచి నాకేటి కొంటావురా, సక్రాల బూట్లా?” అంటూనే గోడ పట్టుకుని నిలబడింది. మడమ దగ్గర మొదలుపెట్టి చిటికెన వేలి దాకా వచ్చానో లేదో, పెన్సిలు గిలిగింతలు పెడుతోందని నవ్వుతూ కాలు లాగేసుకుంది. గీత వంకరపోయింది. మళ్లీ మొదటి నుంచి గీయాలి.