విడుదల కాని సినిమాకి ఫ్లాప్ లేదు

"ఇంతకీ మీరు ఎవరి ఫ్యానండీ?" అని ఎవరైనా అడిగితే నాకు నోట మాట రాదు. గోత్రం చెప్పకపోయినా ఊరుకుంటారు గానీ, ఈ ప్రశ్నకి జవాబు చెప్పకపోతే మనవాళ్లు ఊరుకోరు. మా మేనల్లుడు తన హీరో పేరు చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు గారు రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డా ఇప్పటికీ తన హీరో మీద ఈగ వాలనివ్వరు. నేనేమో రిలీజుకి ఫ్యాన్ని. హీరో ఎవరైనా సరే, దర్శకుడు ఎవరైనా సరే, సినిమా ఇంకా రాకుండా ఉంటే చాలు, దాని మీద ప్రాణం పెట్టేస్తాను. వచ్చేసిందా, ఇక దాని దారి దానిది, నా దారి నాది.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. విడుదలైన సినిమా హిట్టో, ఫ్లాపో, యావరేజో, ఏదో ఒకటి అయి తీరాలి. విడుదల కాని సినిమాకి ఆ గండం లేదు. అందులో సెకండాఫ్ సాగదు, కామెడీ ట్రాకు అడ్డం పడదు, ఇంటర్వెల్ బ్యాంగ్ ఎప్పుడూ అదిరిపోతుంది. నా బుర్రలో ఆడే ఆ షోకి టికెట్టు అక్కర్లేదు, స్కూటరు పెట్టడానికి చోటు వెతకక్కర్లేదు, పాప్‌కార్న్ ధర చూసి గుండె పట్టుకోనక్కర్లేదు. పైగా నా దర్శకత్వంలో ఇంతవరకు ఒక్క నిర్మాతా నష్టపోలేదు.

ఈ జబ్బు నాకు గోడల మీద నుంచి అంటుకుంది. బడికి వెళ్లే దారి పొడుగునా పోస్టర్లు. ముందు "త్వరలో" అని పడేది. కొన్నాళ్లకి దాని మీద "అతి త్వరలో" అని చీటీ అంటించేవాళ్లు. ఆ తర్వాత "నేడే విడుదల". మైకు కట్టిన రిక్షా వీధిలోకి వస్తే రంగురంగుల కరపత్రాల కోసం చెప్పులు వదిలేసి మరీ పరిగెత్తేవాళ్లం. మంగలి షాపులో జ్యోతిచిత్ర, సితార ఉండేవి. వాటిలో సెట్స్ మీద ఉన్న సినిమాల కబుర్లు చదవడం పూర్తయ్యేదాకా "ముందు వాళ్లకి కానివ్వండి, నాకేం తొందర లేదు" అంటూ నా వంతు వదులుకునేవాణ్ణి. మావాడికి ఎంత మర్యాదో అని మా నాన్నకి మహా గర్వంగా ఉండేది.

రిలీజు రోజున అసలు ఉత్కంఠ "పెట్టె"ది. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు. అక్కడ బయల్దేరిన రీళ్ల పెట్టె బస్సెక్కి మా ఊరు చేరాలి. అది చేరేదాకా హాలు ముందు జనం, బస్టాండులో మేము. బస్సు టాపు మీద రేకుపెట్టె కనపడితే కేకలే కేకలు. ఒకసారి తీరా చూస్తే అది ఎవరో పెళ్లివారి సామాను పెట్టె. అయినా కేకలు వేశాం కాబట్టి పెళ్లికొడుకు కిందికి దిగి అందరికీ దణ్ణం పెట్టాడు.

ఆ రోజుల్లో ఒక సినిమాకి ఒక్కటే ఎదురుచూపు. ఇప్పుడు దాన్ని ముక్కలు కోసి వాయిదాల్లో ఇస్తున్నారు. "రేపు ఉదయం 11:07 గంటలకి అప్‌డేట్" అని ఈ రోజు ఒక పోస్టరు. రేపు ఆ ముహూర్తానికి వచ్చేది ఏమిటయ్యా అంటే, టీజర్ తేదీ చెప్పే ఇంకో పోస్టరు. ప్రీలుక్‌లో హీరో వీపు. ఫస్ట్‌లుక్‌లో సగం మొహం, మిగతా సగం పొగ. గ్లింప్స్‌లో ఆ పొగ కదులుతుంది. టీజర్‌లో పొగలోంచి కత్తి బయటికొస్తుంది. ట్రైలర్‌లో ఆ కత్తి ఎవడి మీద పడిందో తెలుస్తుంది. మధ్యలో లిరికల్ వీడియోలు, వాటికి మళ్లీ ప్రోమోలు. దేవుడికి షోడశోపచారాలు పదహారే. సినిమాకి పదిహేడు. పదిహేడోది వాయిదా.

పేరు పెట్టడం కూడా ఇప్పుడు పెద్ద పండగే. రాజమౌళి, మహేష్ బాబు సినిమాకి "వారణాసి" అనే పేరు ప్రకటించడానికి 2025 నవంబరు 15న రామోజీ ఫిలిం సిటీలో భారీ సభ జరిగింది. అభిమానులు ఎక్కడెక్కడి నుంచో తరలి వెళ్లారు. నాకు పేరు పెట్టినప్పుడు మా నాన్నకి అయిన ఖర్చు పళ్లెంలో బియ్యం ఒక్కటే. ఆ బియ్యం కూడా సాయంత్రం వండేశారట.

వాయిదా పడితే లోకంలో అభిమానులంతా గుండెలు బాదుకుంటారు. నాకు మాత్రం పదవీకాలం పొడిగించినట్టే. ట్రిపులార్‌నే తీసుకోండి. 2020 జులై 30న వస్తుందన్నారు. తర్వాత 2021 జనవరి 8 అన్నారు. షూటింగు ఆలస్యం, కరోనా కలిసి దాన్ని అక్టోబరు 13కి నెట్టాయి, అక్కణ్ణుంచి 2022 జనవరి 7కి నెట్టాయి. అదీ దాటిపోయాక మార్చి 18 గానీ, ఏప్రిల్ 28 గానీ అని ఒకేసారి రెండు తేదీలు ఇచ్చారు. చివరికి ఆ రెండూ కాకుండా మార్చి 25న వచ్చింది. కల్కి 2024 జనవరి 12 నుంచి మే 9కి, అక్కణ్ణుంచి జూన్ 27కి జరిగింది. హరిహర వీరమల్లు షూటింగు 2020లో మొదలైతే బొమ్మ పడేసరికి 2025 జులై 24. ఈ తేదీలన్నీ నాకు కంఠతా వచ్చు. మా పెళ్లిరోజు మాత్రం ఏటా మా ఆవిడే గుర్తు చెయ్యాలి.

చిక్కల్లా ఆఫీసులోనే. ఒక పెద్ద సినిమాకి ముందుగానే సెలవు పెట్టాను. వాయిదా పడింది, చీటీ వెనక్కి తీసుకున్నాను. కొత్త తేదీ వచ్చింది, మళ్లీ పెట్టాను. మా ఆఫీసరు కళ్లజోడు పైకెత్తి, "పోయిన నెల పెట్టిన సెలవు ఏమైందయ్యా?" అన్నారు.

"వీఎఫ్ఎక్స్ పని మిగిలిపోయిందట సార్."

"నీ టేబుల్ మీద కూడా చాలా పనే మిగిలిపోయింది," అని సంతకం పెట్టకుండానే పక్కన పెట్టేశారు. ఆ ఫైలు రిలీజు డేటు ఇంకా ఖరారు కాలేదు.

సంక్రాంతి వస్తే నా హోదా పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ అరిసెల పాకం గురించి మాట్లాడుకుంటుంటే నేను థియేటర్ల సర్దుబాటు గురించి మాట్లాడుతుంటాను. 2024 సంక్రాంతికి గుంటూరు కారం, హనుమాన్ ఒకే రోజు, జనవరి 12న దిగాయి. 13న సైంధవ్, 14న నా సామిరంగ. ఈగల్‌ని ఫిబ్రవరి 9కి పంపించారు. ఆ సర్దుబాటుకి నిర్మాతలు ఎంత కష్టపడ్డారో గానీ, భోగిమంట దగ్గర నేను మాత్రం ఎవరికి ఎన్ని హాళ్లు ఇవ్వాలో పిడకలతో సహా పంచిపెట్టేశాను.

భూగోళంలో నాకెప్పుడూ అత్తెసరు మార్కులే. కానీ సినిమా భూగోళం అడగండి: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. నిజాం నవాబు రాయలసీమని 1800లో కుంపిణీవాళ్లకి దత్తం చేశాడు, సీడెడ్ అంటే అదే. 1948లో ఆయన వారసుడి రాజ్యమే పోయింది. అయినా వసూళ్ల లెక్కల్లో ఆ దస్తావేజు ఇంకా చెల్లుతూనే ఉంది. ప్రభుత్వాలు జిల్లాలని ఎన్ని ముక్కలు చేసినా డిస్ట్రిబ్యూటరు దగ్గర వెస్టు వెస్టే. మా అబ్బాయి పరీక్షలో నన్ను అడిగి జిల్లాల పేర్లు రాశాడు. పేపరు దిద్దిన మాస్టారు "షేరెంత, గ్రాసెంత?" అని ఎర్రసిరాతో రాశారు. ఆయన కూడా మనవాడే అన్నమాట.

రిలీజుకి ముందు రాత్రి నిద్ర ఉండదు. ముందు జీవో రావాలి. సామాన్యుడు పనిగట్టుకుని చదివే ప్రభుత్వ ఉత్తర్వు ఏదైనా ఉందంటే అది టికెట్ రేట్లు పెంచుకోమని ఇచ్చేదే. తన జేబు ఎంత తెగబోతోందో తెలుసుకోవడానికి అర్ధరాత్రి దాకా మేలుకుని, అది రాగానే పండగ చేసుకునే జాతి మనది. ఇక డల్లాస్‌లో మా బావమరిది. అక్కడ గురువారమే ప్రీమియర్. మనకి శుక్రవారం తెల్లవారకముందే వాడు సినిమా చూసేసి, "బావా, ఫస్టాఫ్ కేక. సెకండాఫ్..." అని మెసేజ్ పెడతాడు. ఆ మూడు చుక్కల తర్వాత ఏముందో చెప్పడు. చుక్కలు చూపించడం వాళ్ల ఇంట్లో అందరికీ వచ్చు. అందుకే ఈమధ్య గురువారం రాత్రి ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో దాచేస్తున్నాను.

తెల్లవారుజామున నాలుగు గంటల షోకి వెళితే పెళ్లివారిల్లు తీసికట్టు. కటౌట్‌కి గజమాల, పాలాభిషేకం, డప్పులు. మొన్నొకసారి నా పక్క సీట్లో ఇంటర్ కుర్రాడు ఒళ్లో గోనెసంచి పెట్టుకుని కాగితాలు చింపుతున్నాడు, హీరో ఎంట్రీకి ఎగరెయ్యడానికి. కాగితాల మీద పటాలు, లెక్కలు కనపడ్డాయి.

"ఏం కాగితాలు బాబూ ఇవి?"

"ఫిజిక్స్ రికార్డు అంకుల్. కెమిస్ట్రీది పోయిన సినిమాకి అయిపోయింది."

"మరి మ్యాథ్స్?"

"సంక్రాంతికి ఉంచా."

ఎంత ముందుచూపు! నాకు ముచ్చటేసి రెండు పేజీలు నేనూ చింపిపెట్టాను.

నాలుగు దాటింది. తెర మీద వెలుగు లేదు. ఈలలు కాస్తా కేకలయ్యాయి. ఆపరేటరు కిటికీలోంచి తలకాయ బయటపెట్టి "కేడీఎం రాలేదు!" అని అరిచాడు. ఇప్పుడు రీళ్లు లేవు, పెట్టె లేదు. సినిమా హార్డ్ డిస్కులోనో, శాటిలైట్ మీదుగానో ముందే హాలుకి చేరిపోతుంది, కాకపోతే తాళం వేసి. ఆ తాళంచెవే కేడీఎం. అది కూడా ఓ చిన్న ఫైలు. ఏ హాల్లో, ఏ సర్వర్‌లో, ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట దాకా బొమ్మ ఆడచ్చో అందులో రాసి ఉంటుంది. డబ్బు లెక్కలు తేలలేదంటే తాళంచెవి కదలదు. బస్సు టాపు మీద వచ్చే పెట్టె పోయి ఈమెయిల్లో వచ్చే తాళంచెవి వచ్చిందంతే. "వచ్చిందా?" అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

హాలంతా అట్టుడికిపోతోంది. నేను మాత్రం కళ్లు మూసుకుని హాయిగా కూర్చున్నాను. సినిమా మూడడుగుల దూరంలో ఉంది, ఇంకా మొదలు కాలేదు. ఇంతకంటే సుఖం ఏముంటుంది చెప్పండి? నా బుర్రలో హీరో గోదావరి మీద గుర్రం నడిపించేశాడు, విలన్‌ని కాకినాడ దాకా తరిమేశాడు. అంతలో హాలంతా ఈలలు. తాళంచెవి వచ్చేసింది. నాకే కాస్త దిగులేసింది.

సినిమా బాగానే ఉంది. ఇంటర్వెల్‌లో రాబోయే ఇంకో సినిమా టీజర్ వేశారు, అది ఇంకా బాగుంది.

నాలాంటి వాళ్ల నాడి పరిశ్రమ ఎప్పుడో పట్టేసింది. బాహుబలి 2015 జులై 10న వచ్చి, కట్టప్ప చేత ఒక్క పోటు పొడిపించి, ఎందుకు పొడిచాడో చెప్పడానికి 2017 ఏప్రిల్ 28 దాకా ఆపింది. దేశమంతా అదే ప్రశ్న. అప్పటి నుంచి మన సినిమాలకి ముగింపు ఉండటం లేదు. సలార్ చివర "శౌర్యాంగ పర్వం" అన్నారు. దేవరని ఒకటో భాగం అనే వదిలారు. పుష్ప రెండో భాగం చివర మూడోది ఉందన్నారు. ఇదివరకు తెర మీద "శుభం" పడితే లేచి చెప్పులు వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు అక్కడ కూడా "త్వరలో" అనే. డబ్బులిచ్చి మూడు గంటల ట్రైలర్ చూసి వస్తున్నామన్నమాట. నాకేం అభ్యంతరం లేదు.

పైగా చూసేసిన సినిమాలు కూడా ఇప్పుడు "త్వరలో"నే. 2006లో వచ్చిన పోకిరి 2022 ఆగస్టు 9న మళ్లీ హాళ్లకి వచ్చింది. జగదేకవీరుడు అతిలోకసుందరి 1990 మే 9న తుపాను హోరులో విడుదలై, సరిగ్గా ముప్పై అయిదేళ్లకి అదే మే 9న త్రీడీలో దిగింది. మా మేనల్లుడు ఆ సినిమా మొదటిసారి వచ్చేనాటికి పుట్టనే లేదు. వాడు కౌంట్‌డౌన్ పోస్టరు పెట్టి, "కథ చెప్పెయ్యకు మావయ్యా!" అని నన్ను హెచ్చరించాడు. ఉంగరం పోతుందని చెప్పకుండా నోరు కట్టేసుకున్నాను.

ఇదంతా ఓపిగ్గా భరిస్తున్న మా ఆవిడ మొన్న ఒక పూట నన్ను నిలదీసింది. మేడ మీద ఒక గది వేస్తానని ఆమెకి మాటిచ్చి చాలాకాలమైంది. "ఏవండీ, గది ప్లాను చూపించారు, అది ఫస్ట్‌లుక్. ఇటుకలు దింపించారు, అది టీజర్. మేస్త్రీని తెచ్చి కొలతలు తీయించారు, అది ట్రైలర్. ఇంతకీ రిలీజెప్పుడు?"

"దసరాకి అనుకుంటున్నానోయ్."

"ఏ దసరాకి?"

ఆమె అన్నింటికీ సిద్ధపడే వచ్చిందని అర్థమైంది. గొంతు సవరించుకుని చెప్పాను: "ఆ తేదీ ఎప్పుడు ప్రకటిస్తానో రేపు ఉదయం 11:07 గంటలకి ప్రకటిస్తాను."