మనోడు దిగనేదొరే: టీకా తాత్పర్య సహితం

మూలం

మనోడు ఈయేల కూడా దిగనేదొరే. కూకుండిపోనాడు.

అవతారిక

సాలూరులో లారీ షెడ్ల వైపున్న ఒక టీ బడ్డీలో, టీవీలో తెలుగు టైటాన్స్ కబడ్డీ ఆట నడుస్తుండగా, ఒక మెకానిక్కు నోట ఈ వాక్యం వెలువడింది. చేతులకు గ్రీజు ఉండడంచేత గ్లాసును రెండు వేళ్ళతోనే పట్టుకుని పలికాడు. ఛందస్సు కోసం గణాలు కట్టబోయి వదిలేశాను. రసం కరుణమని కొందరన్నారు. వీరమే బయల్దేరి దారిలో బండి ఆగిపోయినట్టుందని నా అభిప్రాయం.

ప్రతిపదార్థం

మనోడు = మన వాడు. వకారం జారిపోయింది. ఇక్కడ పెద్ద వివాదం ఉంది. మన ఊరివాడా, మన భాషవాడా, మన చొక్కా వేసుకున్నవాడా?

భాషే ప్రమాణమని పట్టుబడితే 2014లో ప్రో కబడ్డీ లీగు మొదలైన నాటి నుంచీ మనం నెత్తిన పెట్టుకున్నవాళ్ళు చాలామంది తేలిపోతారు. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లో బిజ్నోర్. సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ. చొక్కాయే ప్రమాణమందామా? 2023 వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసి తెచ్చుకున్న ఆ పవనే, 2025 ఆగస్టు 29న విశాఖలో సీజను మొదలైన రోజున తమిళ్ తలైవాస్ చొక్కాతో మన ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఓడింది మనమే. కాబట్టి చొక్కా అనిత్యం.

బడ్డీ యజమాని వ్యాఖ్య వేరు: ‘ఆడినోడు అందరోడు బావూ, కూకున్నోడే మనోడు.’ పూర్వవ్యాఖ్యాతలందరిలోకీ నాకు ఈయన మాటే గ్రాహ్యంగా తోచింది. ఆడేవాడికి దేశమంతా చప్పట్లు కొడుతుంది. బల్ల మీద ఉన్నవాడి కోసం సాలూరులో ఒకడు టీ చల్లార్చుకున్నాడు.

ఈయేల కూడా = ఈ రోజు సైతం. వాక్యం మొత్తంలో బరువైన పదం ‘కూడా’. నిన్న, మొన్న, పోయిన సీజను అన్నీ దీని పొట్టలో ఉన్నాయి. టైటాన్స్ విషయంలో ఆ పొట్ట పెద్దది. 8, 9, 10 సీజన్లలో జట్టు 66 ఆటలాడి 5 గెలిచింది, మూడుసార్లూ పట్టికలో అట్టడుగునే నిలిచింది. 12వ సీజనులో విజయ్ మలిక్ నాయకత్వంలో ఫైనలుకు ఒక్క మెట్టు కింద దాకా ఎక్కారు గనక ఇప్పుడీ లెక్క తలెత్తుకుని చెప్పగలుగుతున్నాను.

దిగనేదు = దిగలేదు. లకారానికి నకారం మన ఉత్తరాంధ్ర సొంత ఆస్తి. దీన్ని అపభ్రంశమనేవాళ్ళు బొబ్బిలి దాటి ఇటు రానక్కర్లేదు. పదంలో ఒక చోద్యముంది. ఆటగాడు బల్ల మీంచి లేస్తేనే గాని ఆటలోకి దిగలేడు. లేవడమూ దిగడమూ ఒకే క్రియ. సుంకి ఘాటులో లోడుబండి నడిపినవాడికి ఇది తేలిగ్గా బోధపడుతుంది. ఎక్కడం కన్నా దిగడమే కష్టమని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒరే = సంబోధన. ఎవరిని? ఎదురుగా ఎవరూ లేరు. కోచ్‌ని అయి ఉండవచ్చు.

కూకుండిపోనాడు = కూర్చుండిపోయాడు. ‘కూర్చున్నాడు’ అంటే తన ఇష్టం. ‘పోవు’ చేరగానే ఇష్టం పోయింది.

శంక: కబడ్డీలో అవుటైనవాడూ బయటే కూర్చుంటాడు కదా, వాడికీ వీడికీ భేదమేమిటి?

సమాధానం: చాలా ఉంది. జట్టుకు 12 మంది. ఏడుగురు లోపల, అయిదుగురు బల్ల మీద. లోపలివాడు చస్తే గీత దాటి కూర్చుంటాడు. మనవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి చంపగానే, ముందు చచ్చినవాడు ముందుగా లేచి వస్తాడు. చెడుగుడు ఆడిన ప్రతి పిల్లకాయకూ తెలిసిన పునర్జన్మ ఇది. 40 నిమిషాల్లో ఒకడు ఏడెనిమిదిసార్లు చచ్చి బతకవచ్చు. బల్ల మీది అయిదుగురికి పునర్జన్మ లేదు, ఎందుకంటే వాళ్ళకు జన్మే కాలేదు. చావడానికి కూడా కోచ్ పిలవాలి. మోక్షమంటే ఇదేనేమోనని ఒక్క క్షణం భ్రమ పడ్డాను గాని, వాళ్ళ ముఖాలు చూస్తే అలా లేవు.

వ్యాకరణ విశేషం

బడిలో చదివిన ఆగమం, ఆదేశం గుర్తున్నాయా? ఆగమం స్నేహితుడిలా వచ్చి రెండు అక్షరాల మధ్య సర్దుకు కూర్చుంటుంది, ఎవరినీ లేవమనదు. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్న అక్షరాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. వైయాకరణులు చెప్పే ఉపమానమే ఇది. రిజర్వు ఆటగాడు ఏది? ముమ్మాటికీ ఆదేశం. ఏడుగురి మధ్యకు ఎనిమిదోవాడు ఆగమంగా రాలేడు. వాడు రావాలంటే ఒకడు పోవాలి.

వాణ్ణి అనుసరించే అభిమాని ఇరుకున పడేది సరిగ్గా ఇక్కడ. మనోడు దిగాలని కోరుకోవడమంటే ఇంకొకడి మోకాలు బెణకాలని కోరుకోవడమే. పైకి ఎవరం అనం. ‘రైడర్ కుంటుతున్నాడు’ అని టీవీవాడు చెప్పినప్పుడు మాత్రం బడ్డీలో అందరం ‘అయ్యో’ అంటూనే కాస్త ముందుకు జరుగుతాం.

దృష్టాంతానికి ఆట మార్చి చెబుతాను. విశాఖపట్నం వికెట్‌కీపర్ కోన శ్రీకర్ భరత్ 2015లో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో త్రిశతకం చేసిన తొలి వికెట్‌కీపర్ అతనే. తరవాత ఆరేళ్ళకు, 2021 నవంబరులో కాన్పూరు టెస్టులో వికెట్‌కీపర్ సాహాకు మెడ పట్టేస్తే, తుది పదకొండుగురిలో లేని భరత్ గ్లౌజులు తొడుక్కుని వెళ్ళి రెండు క్యాచ్‌లు పట్టాడు, ఒక స్టంపింగ్ చేశాడు. స్కోరుకార్డులో ముందు ‘సబ్’ అని వేసి, అతని పేరు కుండలీకరణాల్లో పెట్టారు. ఆ రెండు వంకర గీతల మధ్య నుంచి బయటికొచ్చి సొంత పేరుతో టెస్టు ఆడేసరికి 2023 ఫిబ్రవరి, నాగపూర్. ఉత్తరాంధ్రవాళ్ళం ఆ కాన్పూరు ఉదయం సంతోషించాం. సాహా మెడ గురించి ఆలోచించినవాళ్ళు చేతులెత్తండి.

ప్రమాణ విచారం

ఆడనివాడి ఫారం తెలిసేదెలా? ప్రత్యక్షం పనికిరాదు. కోచ్ కోప్పడినప్పుడు తప్ప కెమెరా బల్ల వైపు తిరగదు. శబ్దప్రమాణమూ అంతే, వ్యాఖ్యాత అతని పేరెత్తడు. అనుమానం ఒక్కటే దిక్కు. పొగ ఉంటే నిప్పున్నట్టు, ట్రాక్‌సూటు జిప్పు సగం దిగితే పిలుపు వచ్చినట్టు. టవలు భుజం మీదే ఉంటే ఆశ లేదు. తొడ మీద చరుచుకుంటే కొంత ఉంది, అయితే దోమ కావచ్చు.

రగ్బీ లీగ్ ఆడే ఆస్ట్రేలియాలో ఈ బాధ ఇంత లేదు. అక్కడ రిజర్వు గ్రేడని వేరే జట్టు, వేరే పోటీ, వేరే పట్టిక. పెద్ద ఆటకు ముందు అదే మైదానంలో రిజర్వుల ఆట పెట్టేవారు. పెందరాళే వచ్చి గట్టు మీద కూర్చుని ఎవడు పైకెక్కుతాడో అంచనా కట్టే జనం ఉన్నారు. మన బల్లవాడికి ఆ మధ్యాహ్నపు ఆట కూడా లేదు.

ఉపమానం మటుకు సాలూరులో పుష్కలం. లారీల ఊరు మనది. ప్రతి లారీకీ అడుగున ఒక స్టెప్నీ వేలాడుతూ ఉంటుంది. ఆ మాట ఎక్కడిదో షెడ్డులో ఎవరినడిగినా ‘మనదే’ అంటారు. పుట్టింది వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్ళో. అక్కడి స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు 1904లో అదనపు చక్రం అమ్మకానికి పెడితే, వీధి పేరే చక్రానికి అతుక్కుపోయింది. లనెల్లీకి ఇంకో ఖ్యాతి రగ్బీ. 1972 అక్టోబరు 31న న్యూజిలాండ్ జట్టును ఆ చిన్న ఊరు 9-3తో ఓడించింది. రగ్బీ ఊరి వీధి పేరు మన లారీ కింద దుమ్ము తింటోందన్నమాట. ఇంతకన్నా మంచి ఉపమానం ఏ ఆలంకారికుడికి దొరుకుతుంది?

మన మెకానిక్కు ఆ సాయంత్రం ఒడిశా లోడు ఎక్కే బండి చుట్టూ తిరుగుతూ రాడ్డుతో టైర్లు వాయిస్తున్నాడు. మోత బట్టి గాలి తెలుస్తుంది. రోడ్డు మీదున్నవన్నీ వాయించి, చివరికి వంగి, అడుగునున్న స్టెప్నీని కూడా వాయించాడు. ఆ టైరు కొన్ని నెలలుగా రోడ్డు తాకలేదట. డ్రైవరు తొందరపెడుతున్నాడు. వీడు మళ్ళీ ఒకసారి కొట్టి, చెవి దగ్గర పెట్టి, ‘గాలుంది’ అన్నాడు. ఘాటులో పంక్చరు పడాలని ఎవడూ కోరుకోడు. అయినా గాలి చూస్తాడు. ఆడనివాడి ఫారం చూడడమంటే ఏమిటో నాకు అప్పుడు తట్టింది. మోకాలి పాపం కూడా కొంత తగ్గినట్టనిపించింది.

తాత్పర్యం

మన ఆటగాడు ఇవాళ కూడా ఆడలేదు, బల్ల మీదే ఉన్నాడని భావం.

పాఠాంతరం

రెండో వాక్యానికి ‘లేచినాడొరే’ అనే పాఠం ఉందని ఆ రోజు బడ్డీ మూల కూర్చున్న క్లీనరు కుర్రవాడు వాదిస్తున్నాడు. కడపటి నిమిషాల్లో మనోడు నిజంగానే లేచాడనీ, జిప్పు దించాడనీ, తాను కళ్ళారా చూశాననీ అంటాడు. విచారించాను. లేచిన మాట నిజమే. టైమౌటులో రైడరుకు నీళ్ళ సీసా అందించడానికి.