నావిగేషన్ బాగుపడకుండా కాపాడుకోవడం ఎలా?

జర్మనీలో కారు నడిపే మనవాళ్ల కోసం ఈ చిట్కాలు. అక్టోబరు వచ్చింది, చలికాలపు టైర్లు బిగించారు. మర్నాటి నుంచి కారులోని నావిగేషన్ బాణం మిమ్మల్ని ఆటోబాన్ మీంచి తీసి పక్కనున్న బంగాళదుంపల చేలో పెడుతోంది. కంగారుపడి బాగుచేయించుకునేరు! ఇలాంటి తగాదా దొరకడమే అరుదు. జాగ్రత్తగా వాడుకుంటే ఈస్టర్ దాకా వస్తుంది.

ముందు నేరస్థుణ్ణి ఖాయం చేయండి: టైరు. కాకి వాలింది, తాటిపండు రాలింది, ఇంక విచారణ దేనికి? అదే వారాంతంలో కారు నెత్తిన స్కీ సామాన్ల పెట్టె ఎక్కించిన సంగతి మర్చిపోండి. అద్దానికి కొత్త డాష్‌క్యామ్ తగిలించి, దానికి చవకరకం చార్జరు గుచ్చిన సంగతి కూడా. పైకప్పు మీది యాంటెన్నాకు ఆకాశం కనిపిస్తోందా అని మెడ ఎత్తి చూడటం మీ స్థాయికి తగదు. 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు మీ టైర్లు చూసి అలిగాయనుకోవడంలో ఉన్న హుందాతనం వేరు.

ఆఫీసులో ఒక ఇంజినీరు తప్పకుండా తగులుతాడు. వాడితో కాఫీకి వెళ్లకండి. వెళ్లారో, కాగితం తీసి లెక్క వేస్తాడు. ఆకాశం కనిపించినంతసేపూ కారు ఉపగ్రహాలను నమ్ముకుంటుందట. సొరంగంలోకి దూరాక చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టుకుని, మలుపులు పసిగట్టే సెన్సర్ సాయంతో అంచనాగా నడుస్తుందట. తీసేసిన టైరు అరిగి 3 మిల్లీమీటర్ల గాడి మిగిలి, కొత్తదానికి 8 ఉంటే, ఒక్కో చుట్టుకు కారు 3 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. అంటే మామూలు 16 అంగుళాల చక్రానికి దాదాపు 1.6 శాతం తేడా. స్విట్జర్లాండ్‌లో 16.9 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగం దాటి మీరు ఎండలోకి వచ్చేసరికి బాణం ఇంకా 270 మీటర్ల వెనక చీకట్లోనే ఉంటుంది. బయటపడ్డాక ఉపగ్రహాలు అందుకోగానే తప్పు దిద్దుకుంటుంది.

ఇక్కడే చెవులు మూసుకోవాలి. ఎందుకంటే తర్వాతి మాట ప్రమాదకరమైనది: టైరుదే తప్పయితే బాణం సొరంగాల్లోనూ, భూగర్భ పార్కింగుల్లోనూ తడబడాలి గానీ, బట్టబయలు పొలాల మధ్య గంటల తరబడి దారి తప్పదు. ఈ ఒక్క మాటతో మీ కేసు కొట్టేస్తారు. కాబట్టి బాణం ఎక్కడ తప్పిందో, అప్పుడు నెత్తిమీద ఏముందో ఎన్నడూ రాసుకోకండి.

టైర్లు మార్చినచోట ఒక చీటీ ఇస్తారు, 50 కిలోమీటర్లు తిరిగాక చక్రాల బోల్టులు మళ్లీ బిగించి చూసుకోమని. పారేయండి. ఆ వంకతో ఆరుబయట రోడ్డు మీద కాస్త దూరం పోతే చాలా కార్లు చక్రం కొలతను తమంతట తామే సరిచూసుకుంటాయి. కొన్నింటిలో టైర్లు మార్చామని చెప్పుకునే మీట కూడా సెట్టింగుల్లో ఉంటుంది. అందుకే కారుతో ఇచ్చిన మాన్యువల్ ప్లాస్టిక్ సంచీ విప్పకూడదు.

సర్వీసుకు వెళ్లక తప్పకపోతే, ఎండ కాసే రోజు చూసుకుని, స్కీ పెట్టె దింపి, చార్జరు పీకి, కారు కడిగించి మరీ వెళ్లండి. "పనిచేయట్లేదు" అనండి, అంతకుమించి ఒక్క ముక్క చెప్పొద్దు. లోపమేమీ లేదని వాళ్లు బిల్లు ఇస్తారు. దాంతో టైర్లవాడి దగ్గరికి వెళ్తే కంపెనీ సర్వీసు వైపు చూపిస్తాడు, వాళ్లు టైర్లవాడి వైపు. ఆ మాత్రం దారి మీకు నావిగేషన్ లేకుండానే తెలుస్తుంది.

కోపం పట్టలేక పాత టైర్లే మళ్లీ వేయించుకుంటానంటారా? భేషుగ్గా వేయించుకోండి. మంచు పడ్డ రోడ్డు మీద పోలీసుకు దొరికితే 60 యూరోలూ, లైసెన్సు మీద ఒక పాయింటూ. 2024 అక్టోబరు 1 నుంచి కొండబొమ్మలో మంచురేకు ముద్ర ఉన్న టైర్లనే ఒప్పుకుంటున్నారు, ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు ఒక్కటే చాలవు.

ఈలోగా గుడివాడ నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. "కొత్త టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించావా, నాన్నా?" అని. వివరం అడిగి కారణం చెప్పింది ఇంతవరకూ ఆవిడొక్కతే. గౌరవించండి.

"ఏమండీ, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకోవచ్చుగా" అని పక్క సీటులోంచి వినబడితే, పెట్టండి, కారుది మాత్రం ఆపొద్దు. రెండింట్లోని అమ్మాయిల గొంతులూ రెండు దారులు చెబుతుంటే మీరు మూడోదాంట్లో పోవచ్చు.

విసుగొచ్చి కారు అమ్మేసేటప్పుడు ప్రకటనలో "నావిగేషన్ ఉంది" అని రాయండి. కొనేవాణ్ణి ట్రయలుకు ఆరుబయటికి తీసుకెళ్లొద్దు, వీలైనంత పొడవైన సొరంగంలోకి తీసుకెళ్లండి. అక్కడ బాణం తప్పినా, సొరంగం కదా అనుకుంటాడు.